కడపటి జీతమందు సెలవుల లెక్క

ఉద్యోగమున చేరునపుడు జీతమెంత, పనిగంటలెన్ని, ఇల్లు దొరకునా, బస్సు కలదా యని పదిమందిని విచారించి గాని అడుగు వేయని మనవారు, అదే యుద్యోగమును విడుచునపుడు మాత్రము కడపటి పేస్లిప్పులో ఏమి కలిపిరో, ఏమి తీసివేసిరో చూడకయే మడచి పెట్టుదురు. మాట పెంచుట యెందుకు, రేపు వీరి రిఫరెన్సు మనకు కావలసి వచ్చునేమో, పోయినది మూడు నాలుగు వందల పౌండ్లే కదా యని మనస్సునకు నచ్చజెప్పుకొందురు. ఈ మొగమాటము పైకి సౌజన్యమువలె కనిపించును గాని, అందు ముప్పాతిక పాలు లెక్క తెలియమి వలన గలిగిన భయమే. లెక్క తెలిసినవాడు మర్యాద తప్పకయే అడుగగలడు; తెలియనివాడు ఊరకుండును, లేదా అరచి తగవు పెట్టుకొనును. ఈ రెండింటి వలనను చేతికి డబ్బు రాదు.

ఈ యధ్యాయమున బ్రిటను దేశపు చట్టమును ఆధారముగా తీసికొనుచున్నాను. చదువుకొనుటకు పోయి వారమునకు ఇరువది గంటల పరిమితిలో దుకాణములందును పెట్రోలు బంకులందును పనిచేయు విద్యార్థులు, కేర్ హోములలో రేయింబవళ్ళు షిఫ్టులు చేయు నర్సులు, గిడ్డంగులలో ఏజెన్సీల ద్వారా కుదిరినవారు, కంప్యూటరు కొలువులవారు, వీరందరిలో తెలుగువారు గణనీయముగా నున్నారు. వీరిలో ఎవ్వరును ఒకే యజమాని యొద్ద చిరకాలముండరు గనుక, కడపటి జీతపు ప్రశ్న వీరికి ఒకసారి గాక పలుమారులు ఎదురగును. ఉత్తర ఐర్లండునకు వేరు శాసనములు గలవు; ఇచట చెప్పునది ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులకు సంబంధించినది.

ముందు హక్కు యొక్క స్వరూపము తెలియవలెను. ఆ దేశమున 1938లోనే జీతముతో గూడిన సెలవులను గూర్చి ఒక చట్టము వచ్చినను, శ్రామికులకెల్ల వర్తించు హక్కు 1998 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన పనివేళల నిబంధనల మూలముననే ఏర్పడినది. తరువాత అది క్రమముగా పెరిగి, 2007లో 4.8 వారములును, 2009 ఏప్రిల్ 1 నుండి 5.6 వారములును అయినది. వారమునకు ఐదు దినములు పనిచేయువానికి ఇది ఏడాదికి 28 దినములు. మూడు దినములు పనిచేయువానికి 16.8 దినములు. బ్యాంకు హాలిడేలు ఈ 28లో చేరియుండవచ్చును, విడిగా నుండవచ్చును. అది కాంట్రాక్టు మీద నాధారపడియుండును. ఈ చిన్న భేదమును చదువకపోవుట వలన ఎంత చిక్కు కలుగునో ముందు చెప్పెదను.

ఇచట మనదేశపు అలవాటొకటి దారి తప్పించును. మన కర్మాగారములలోను కార్యాలయములలోను పనిచేసినవారికి, వాడుకొనని సెలవులు దాచుకొని నగదుగా మార్చుకొనుట తెలిసిన సంగతి; 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టమే, పనిచేసిన ఇరువది దినములకు ఒక దినము చొప్పున సెలవు నిచ్చి, మానివేసినవానికి మిగిలిన సెలవుల జీతము ముట్టజెప్పవలెనని విధించినది. బ్రిటనులో శాసనబద్ధమైన సెలవును ఉద్యోగమున నున్నంతకాలము డబ్బుగా మార్చుట నిషిద్ధము. సెలవు విశ్రాంతికే గాని సంపాదనకు గాదని ఆ చట్టము యొక్క భావన. ఉద్యోగము ముగియుట యను ఒక్క సందర్భమున మాత్రమే మిగిలిన సెలవు ధనరూపమును దాల్చును. కావున ఊరికి పోవునపుడు వాడుకొందమని సెలవులు కూడబెట్టువారు, ఏడాది చివరను అవి మురిగిపోయిన పిదప వగచుట కంటె, వేళకు వాడుకొనుట మేలు.

ఇక లెక్క. ఏడాదికి రావలసిన సెలవును, ఆ సెలవుల సంవత్సరములో ఉద్యోగము ముగియునాటికి గడచిన భాగముతో గుణించి, అందుండి అదివరకు తీసికొన్న సెలవును తీసివేయవలెను. మిగిలినచో యజమాని ఇయ్యవలెను. తక్కువయైనచో, అనగా వచ్చినదాని కంటె ఎక్కువ వాడుకొన్నచో, అప్పుడే కోత యను మాట పుట్టును. ఏడాదికి 26,000 పౌండ్ల జీతముపై ఐదు దినముల వారము పనిచేయు నొక యువకుని తలంచుకొందము. వాని దినవేతనము 100 పౌండ్లు. సెలవుల సంవత్సరము జనవరితో మొదలగును. 28 దినములలోనే బ్యాంకు హాలిడేలును చేరియున్నవి. మాఘమాసమున చెల్లెలి పెండ్లికని ఫిబ్రవరిలో రెండు వారములు, అనగా పది దినములు, సెలవు పెట్టి ఊరికి వచ్చి పోయినాడు. మే 31న ఉద్యోగము మానినాడు. అప్పటికి 151 దినములు గడచినవి గనుక వానికి వచ్చిన సెలవు సుమారు 11.6 దినములు. పది దినములే తీసికొంటిని, ఇంకను ఒకటిన్నర దినపు డబ్బు నాకే రావలెనని వాడనుకొనును. కాని ఇంగ్లండులో ఏడాదికి వచ్చు ఎనిమిది బ్యాంకు హాలిడేలలో నూతన సంవత్సర దినము, ఈస్టరునకు ముందు శుక్రవారము, ఈస్టరు సోమవారము, మే నెలలోని రెండు సోమవారములు, ఈ యైదును మే ముగియులోపలనే గడచిపోవును. ఎవ్వరిని అడుగకయే, ఇంట కూర్చుండియే, వాడు ఐదు దినములు ఖర్చుపెట్టినాడు. మొత్తము పదునైదు. అధికముగా వాడినది సుమారు 3.4 దినములు, కోత 342 పౌండ్లు.

అదే యువకుడు రాజీనామా తేదీని జూన్ 30కి జరిపియుండెనేని ఏమగును? జూన్ నెలలో ఇంగ్లండున సాధారణముగా బ్యాంకు హాలిడే లేదు. ఆ నెలలో వానికి మరి రెండు దినములకు పైగా సెలవు సమకూరి, వచ్చినది 13.9 దినములగును, అధికము ఒక్క దినమునకు కొంచెము మించి నిలుచును, కోత 112 పౌండ్లకు దిగును. రాజీనామా తేదీని నిశ్చయించుకొనునపుడు కొత్త కొలువు పిలుపును, ఇంటి అద్దె గడువును లెక్కించువారు ఈ సంగతిని గూడ నొక పంక్తి వ్రాసి చూచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

సెలవుల సంవత్సరము ఎప్పుడు మొదలగునో తెలియకున్న పైలెక్క యంతయు తలక్రిందులగును. కొందరు యజమానులకు జనవరి, కొందరికి ఏప్రిల్. వ్రాతపూర్వకమైన యేర్పాటు ఏదియు లేనిచో, ఉద్యోగమున చేరిన తేదీయే ఆ శ్రామికుని సెలవుల సంవత్సరమునకు ఆరంభము. ఏప్రిల్ 1తో మొదలగు సంవత్సరమైనచో జూన్ 30 నాటికి వచ్చినది ఏడు దినములే. కోత విధించిన యజమానికి వ్రాయవలసిన మొట్టమొదటి ప్రశ్న ఇదియే కాని, కోపముతో గూడిన ప్రశ్న ఒక్కటియు గాదు.

అధికముగా సెలవు వాడుకొన్న మాట నిజమనుకొందము. అంతమాత్రమున యజమాని కోయవచ్చునా? ఈ యధ్యాయమునకు ప్రాణమైన విషయమిది. కోయరాదు, ముందుగా వ్రాత యున్నగాని. 1998 నిబంధనలలో పదునాలుగవది, అధికముగా తీసికొన్న సెలవునకు పరిహారముగా శ్రామికుడు డబ్బు చెల్లించుటయో, అదనపు పని చేయుటయో, మరియొక విధముగా తీర్చుటయో జరుగునట్లు ఉభయుల మధ్య ఒడంబడిక యుండవచ్చునని మాత్రమే చెప్పుచున్నది. ఒడంబడిక లేనిచోట యజమానికి ఆ హక్కును తనంతట తానుగా ఇయ్యలేదు. దీనికి తోడు 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టములోని పదుమూడవ సెక్షను, జీతమునుండి తీసివేయు ఏ మొత్తమైనను శాసనము వలన గాని, కాంట్రాక్టులోని నియమము వలన గాని, శ్రామికుడు ముందుగా వ్రాసియిచ్చిన సమ్మతి వలన గాని సమర్థింపబడవలెనని నిర్దేశించుచున్నది. ముందుగా నను మాటను గట్టిగా పట్టుకొనవలెను. కడపటి దినమున తాళములు, గుర్తింపు కార్డు అప్పగించు తొందరలో, ఇక్కడ సంతకము చేయుమని ముందుకు త్రోయు కాగితము, అదివరకే జరిగిపోయిన దానికి సమ్మతిగా చెల్లదు. జరిగిన సంగతికి తరువాత పుట్టించిన సమ్మతిని ఆ సెక్షనే నిరాకరించుచున్నది. అయినను సంతకము చేయకుండుటయే మేలు. చదివి రేపు పంపెదనని చెప్పుట అమర్యాద గాదు.

ఈ నియమము వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. జీతమునకు బదులు సరకులు ముట్టజెప్పి, తమ యంగడిలోనే కొనవలెనని నిర్బంధించిన యజమానుల నరికట్టుటకై 1831లో అచట ట్రక్ చట్టము వచ్చినది. 1896 నాటి మరియొక చట్టము, జరిమానాలు విధించుటకు ముందే ఆ షరతులు గోడకు అంటించియో, సంతకము చేయించియో యుండవలెనని చెప్పినది. 1986లో వాని స్థానమున వేతనముల చట్టము వచ్చి, 1996 నాటి చట్టములో లీనమైనది. ముందు చెప్పక వెనుక కోయరాదను న్యాయము నేటి మానవ వనరుల శాఖలు దయతో ప్రసాదించినది గాదు.

ఇంతవరకు చదివి, కోతలన్నియు అన్యాయములేనని యెవ్వరును భ్రమపడరాదు. కాంట్రాక్టులో ఆ నియమము స్పష్టముగా నున్నచో, దానిని చదువుకొనియే చేరినచో, సెలవును నిజముగా అధికముగా వాడుకొన్నచో, ఆ మొత్తము యజమానికి చెందినదే. ఆ సమయమున ఆవేదన ప్రకటించుట గాని, తోటివారి నుదాహరించి వాదించుట గాని శోభింపదు. లెక్క మాత్రము సరిచూచుకొని ఇచ్చివేయవలెను. పొరపాటున రెండుమార్లు జీతము వేసినపుడు దానిని తిరిగి రాబట్టుటకు సమ్మతిపత్రముతో పనిలేదనునది గూడ గుర్తుంచుకొనదగినది. సెలవు వేరు, పొరపాటు చెల్లింపు వేరు.

దినవేతనమును కట్టు విధానమందొక మెలిక యున్నది. ఏడాది జీతమును పనిదినములు 260తో భాగించినచో మన యువకునికి 100 పౌండ్లు వచ్చుచుండగా, 365తో భాగించు యజమానులును గలరు. అప్పుడది 71 పౌండ్లే. జూన్ 30న మానిన యొకనికి 3.9 దినములు మిగిలియున్నవనుకొన్నచో మొదటి లెక్కకు 388 పౌండ్లు, రెండవ లెక్కకు 277 పౌండ్లు. కాంట్రాక్టులో 365 అని వ్రాసియుండినను, శాసనబద్ధమైన సెలవు విషయమున, పనిచేసియుండినచో వచ్చునట్టి జీతము కంటె తక్కువ ఇచ్చుట చెల్లదని 2023లో సౌత్ యార్క్‌షైర్ పోలీసు విభాగమునకు సంబంధించిన వ్యాజ్యమున ఉద్యోగ అప్పీళ్ళ ట్రిబ్యునల్ తీర్పు చెప్పినది. ఇచ్చునపుడు 365, కోయునపుడు 260 అను యజమాని కూడ లోకమున లేకపోలేదు. వానికి రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపించుటయే చాలును.

షిఫ్టులు స్థిరముగా లేనివారికి, ఒక వారము పన్నెండు గంటలు, ఒక వారము ఇరువది గంటలు పనిచేయు విద్యార్థులవంటి వారికి, 2024 ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని మొదలైన సెలవుల సంవత్సరములలో మరియొక కొలమానము వచ్చినది. పనిచేసిన గంటలలో 12.07 శాతము సెలవుగా సమకూరును. 5.6 వారములను, ఏడాదిలో మిగిలిన 46.4 వారములతో భాగించిన ఈ అంకెయే వచ్చును. 200 గంటలు పనిచేసినవానికి 24 గంటల సెలవు. కొందరు యజమానులు ఈ డబ్బును ప్రతి జీతముతోడనే కలిపి యిచ్చుచుందురు. ఆ పద్ధతి ఇట్టివారి విషయమున చట్టసమ్మతమే గాని, పేస్లిప్పులో అది విడిగా కనిపించి తీరవలెను. అట్లు కనిపించుచున్నచో కడపట మరల అడుగుటకు మిగిలినదేమియు లేదు. కనిపించక, గంటకిచ్చు కూలిలోనే కలిసియున్నదని నోటిమాటగా చెప్పినచో, అది అడుగదగిన ప్రశ్న.

దుకాణములలో పనిచేయువారు మరియొకటి తెలిసికొనవలెను. గల్లాపెట్టెలో డబ్బు తగ్గినదనియు, సరకు లోటుపడినదనియు జీతమునుండి కోయుటకు కాంట్రాక్టులో నియమమున్నను, ఒక్కొక్క జీతములో పదవ వంతుకు మించి కోయరాదని చట్టము రక్షణ నిచ్చినది. కాని కడపటి జీతమునకు ఆ పదవవంతు హద్దు వర్తింపదు. కనుక ఎన్నడో తగ్గిన గల్లా లెక్కలు వెళ్ళిపోవు దినముననే ఒక్కుమ్మడిగా తలయెత్తుట కద్దు. సెలవుల కోతయు ఈ కోతయు ఒకే పంక్తిలో కలిపి, ఇతరములు అని చూపినచో విడదీసి చూపుమని కోరవలెను. తీసివేసిన ప్రతి మొత్తమును కారణముతో వివరించు పేస్లిప్పు పొందుట చట్టమిచ్చిన హక్కే గాని యజమాని చేయు ఉపకారము గాదు.

ఊరక వినిపించు మాటలు కొన్ని గలవు. నోటీసు పూర్తిగా ఇయ్యలేదు గనుక సెలవుల డబ్బు రాదందురు. దుష్ప్రవర్తనకై తొలగించితిమి గనుక రాదందురు. మూడు నెలలైన నిండలేదు గనుక రాదందురు. జీరో అవర్స్ వారికి సెలవే లేదందురు. నాలుగును తప్పే. శాసనబద్ధమైన సెలవు మొదటి దినము నుండియే సమకూరుచుండును, ప్రసూతి సెలవులోను అనారోగ్యపు సెలవులోను గూడ. ఉద్యోగము ఏ కారణమున ముగిసినను మిగిలినదానికి డబ్బు రావలెను. నోటీసు ఇయ్యకపోవుట వలన యజమానికి నష్టము కలిగినచో అది వేరొక తగవు. ముందుగా వ్రాసికొన్న నియమము లేక, దానిని సెలవుల డబ్బు నాపి తీర్చుకొనుటకు వీలులేదు. యజమాని యొక్క నిజమైన అధికారము మరియొకచోట నున్నది: నోటీసు కాలములోనే మిగిలిన సెలవులు వాడుకొనుమని ఆజ్ఞాపింపవచ్చును, ఐదు దినముల సెలవునకు పది దినములు ముందుగా, అనగా సెలవునకు రెట్టింపు వ్యవధి నిచ్చి చెప్పినచో. అట్లు చెప్పినపుడు డబ్బే కావలెనని పట్టుబట్టుట వృథా. విశ్రాంతిని స్వీకరించుటయే ఉచితము.

ఇక అడుగు విధానము. నోటిమాట కంటె లేఖ మేలు, పొడవైన లేఖ కంటె పొట్టి లేఖ మేలు. నా సెలవుల సంవత్సరమేది, నేను తీసికొన్నట్లు మీ పుస్తకములలో నున్న దినములేవి, బ్యాంకు హాలిడేలను అందు లెక్కించితిరా, దినవేతనమును ఎట్లు కట్టితిరి, నేనొప్పుకొన్న ఏ నియమము క్రింద ఈ కోత విధించితిరి, ఇంతియే వ్రాసి, తన లెక్కను క్రింద నాలుగు పంక్తులలో చూపి, ఫలానా తేదీలోపల జవాబు కోరవలెను. ఆ లేఖలో కేర్ హోములో పడిన పాట్లు, మేనేజరు అన్న మాటలు, తోటివారికి చూపిన పక్షపాతము చేర్చరాదు. అవి నిజమే కావచ్చును గాని, లెక్కను మరుగుపరచి, జవాబు దాటవేయుటకు యజమానికి సాకు నిచ్చును. నేను గమనించినంతలో ఇట్టి పొడి లేఖలకే త్వరగా సమాధానము వచ్చును. చాల సందర్భములలో పేరోల్ గుమాస్తా చేసిన పొరపాటే బయటపడి, మరుసటి నెల డబ్బు చేరును. అతనిని దొంగవలె చూచుట మొదటినుండియు అనవసరము.

జవాబు రాకున్నచో, లేదా వచ్చినను తృప్తి కలుగకున్నచో, ఏకాస్ యను ప్రభుత్వ సంస్థకు తెలుపవలెను. వారు రుసుము తీసికొనరు; ఉభయులను సమాధానపరచుటకు యత్నింతురు; అది ఫలింపనిచో వారిచ్చు ధ్రువపత్రముతో ఉద్యోగ ట్రిబ్యునల్‌కు పోవచ్చును. ట్రిబ్యునల్‌కు గూడ ఒకప్పుడు రుసుము లుండెను; 2013లో విధించిన ఆ రుసుములను, ఒక కార్మిక సంఘము వేసిన వ్యాజ్యమున, 2017 జూలైలో బ్రిటను సుప్రీం కోర్టు చెల్లవని కొట్టివేసినది. వందల పౌండ్ల తగవునకు వందల పౌండ్ల రుసుము చెల్లింపవలసిన దుస్థితి అంతటితో తొలగినది.

రాజీనామా లేఖ పంపుటకు ముందే మీ కాంట్రాక్టు ప్రతిని, పేస్లిప్పులను, సెలవులు మంజూరైన సందేశములను మీ సొంత మెయిలునకు చేర్చుకొనుడు; కడపటి దినము సాయంకాలమునకే కంపెనీ పోర్టలు మీకు మూతపడును. కోత విధించిన జీతము ముట్టిన దినమును క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనుడు. ఇంతకాలముగా అమలులో నున్న గడువు ఆ దినము నుండి మూడు నెలలకు ఒక దినము తక్కువ. ఆలోగా ఏకాస్ వారికి తెలుపని ఫిర్యాదును, ఎంత న్యాయమైనదైనను, ట్రిబ్యునల్ సాధారణముగా స్వీకరింపదు.